బావ లేని బామ్మర్ది

ఆ వీధిలో అతణ్ణి అందరూ బామ్మర్ది అంటారు. కొత్తవాళ్లు అది తిట్టేమో అనుకుంటారు. మెకానిక్ షెడ్డులో ఇంజిన్ పక్కన నిలబడి అతని అక్క మొగుడు "బామ్మర్దీ!" అని కేకేస్తే బండి కింద నుంచి "ఆఁ" అని జవాబొచ్చేది. అది వినీ వినీ వీధి ఆ పేరే ఖాయం చేసింది. బావ వెళ్లిపోయినా పేరు పోలేదు. తలుపు పోయాక గొళ్లెం మిగిలినట్టు.

వాళ్ల షెడ్డులో సర్వీసుకు ఒక పద్ధతి ఉండేది. ఎయిర్ ఫిల్టర్ పైనుంచి తీస్తారు కాబట్టి అది బావది. ఆయిల్ ఫిల్టర్ కింద ఉంటుంది కాబట్టి బామ్మర్దిది. పాత ఫిల్టర్ విప్పి చూడకుండానే పైకి అందించేవాడు. మొహం మీద నూనె కారుతుంటే చూసేదేముంది? దాని అంచున ఉండే రబ్బరు రింగు ఊడి వచ్చిందా, ఇంజిన్‌కే అతుక్కుపోయిందా అని చూడటం బావ పని. వచ్చి ఉంటే "చూశా" అనేవాడు. ఆ మాట వినపడ్డాకే కొత్తది బిగించడం.

బావ ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో చేరాడు. మోకాళ్ల నొప్పులు, అక్కడ కుర్చీ ఉంది, అంతే. ఇందులో ద్రోహం వెతకనక్కర్లేదు. బామ్మర్ది వెతికాడు.

"పో బావా పో. మెడకో టై కూడా కడతారు, పారిపోకుండా."

"నీ నోటికి ఫిల్టర్ వేసేవాడే పుట్టలేదురా."

అప్పట్నుంచి ముందు ఫోన్ చేసినవాడు ఓడినట్టు. ఇద్దరికీ చెప్పి చెప్పి అక్క ఊరుకుంది.

ఒంటరి శ్రమలో ఏదో ధ్యానం ఉందని రాసే పెద్దలున్నారు. పానా అందించే దిక్కులేక, బండి కింద నుంచి వెల్లకిలా పాక్కుంటూ బయటికొచ్చి మళ్లీ దూరిన అనుభవం వాళ్లకు ఉండదు. షెడ్డులో రెండు స్టూళ్లు. ఒకదాని మీద అతను కూర్చుని టీ తాగుతాడు. రెండోదాని మీద గ్లాసు పెడతాడు.

మొన్న టాక్సీ నడిపే ఆవిడ వచ్చింది.

"బామ్మర్దీ, ఫిల్టర్లు మార్చెయ్. సాయంత్రం దూరం బేరం ఉంది. ఈ బండి ఆగితే నా ఇల్లు ఆగిపోద్ది."

"నువ్వు కూడా బామ్మర్దీ అంటే వరస ఎట్లా కుదురుద్దమ్మా?"

"వరసలు తర్వాత కలుపుదాంలే. పని చూడు."

కింద దూరి, పాత ఫిల్టర్ విప్పి, అలవాటుగా చెయ్యి పైకి చాపాడు. ఎవరూ అందుకోలేదు. చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని పక్కన పడేసి కొత్తది బిగించాడు. తన సగం పని ఏ లోపమూ లేకుండా చేశాడు. మిగతా సగం ఎవరూ చెయ్యలేదు.

బండి వీధి మలుపు దాకా వెళ్లింది. స్టీరింగు వెనక నూనె గుర్తు ఎర్రగా వెలగగానే ఆవిడ ఆపేసింది. వెనక రోడ్డంతా నూనె చార. ఇద్దరూ తోసుకుంటూ షెడ్డుకు తెచ్చారు. విప్పి చూస్తే ఇంజిన్‌కు అతుక్కున్న పాత రింగు, దాని మీద కొత్తది, రెంటి సందులోంచి నూనె.

"ఇంజిన్ పోయిందా?"

"లేదమ్మా. నువ్వు వెంటనే ఆపావు, బతికింది. తప్పు నాదే."

"ఎన్నడూ లేంది ఇదేంటి?"

"ఇదివరకు పైన చూసే మనిషుండేవాడు."

ఆవిడ గ్లాసున్న స్టూలు వైపు చూసింది. "పిలుచుకో మరి. ఇవాళ నేనాపాను. రేపు ఆపనివాడు వస్తే వాడి బండీ పోద్ది, నీ షెడ్డూ పోద్ది."

నూనె చేతుల్తోనే ఫోన్ తీశాడు.

"బావా."

అవతల యంత్రాల మోత. "ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదు. పాత రింగు మీదే కొత్త ఫిల్టర్ బిగించా."

బావ నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు.

"ఇప్పుడు తీశావా?"

"తీశా. చేతిలో ఉంది."

"చూశా," అన్నాడు బావ.

"అక్కణ్ణుంచి ఏం చూస్తావు బావా?"

అవతల ఎవరో పిలిచారు. ఫోన్ కట్టయింది.

బామ్మర్ది మళ్లీ కిందకు దూరి, ఇంజిన్ అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుని, ఫిల్టర్ బిగించాడు. నూనె పోసి ఇంజిన్ నడిపితే చుక్క కారలేదు. ఆవిడ బేరానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం టీ గ్లాసు నేల మీద పెట్టుకున్నాడు. రెండో స్టూలు ఖాళీగా ఉంచాడు.