మద్దిచెక్క బాడీ ఎంత తూగింది

డ్రైవరు దేవసహాయం క్లచ్చి కాల్చలేదు. కాల్చాడని కాగితం మీద రాసి అతన్ని పనిలోంచి ఆపేశారు. రాసినది తప్పు. ఇన్నేళ్ళయినా ఈ మాట నేను మెత్తగా చెప్పలేను.

1956 జూన్‌లో నన్ను చోడవరంలో బావుల సెక్షనుకి మెకానిక్కుగా వేశారు. రైతుల బావుల్లో అడుగున బండ తగిలితే దానికి కన్నాలు వేసి, మందు పెట్టి పేల్చాలి. ఆ కన్నాలు వేసే సుత్తికి గాలి అందించేది కంప్రెసర్. రెండు చక్రాల మీదుండే ఆ కంప్రెసర్‌ని వెనక కట్టుకుని ఊరూరా ఈడ్చుకెళ్ళడానికి ఒక పాత పికప్పు ఉండేది. నా పైన ఓవర్సీరు, ఆయన పైన అనకాపల్లిలో ఇంజనీరు. నా కింద ఎవరూ లేరు. నేను బడిలో చదివింది ఐదో తరగతి. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ పికప్పు తయారీదారుల పుస్తకం. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీకి రెండు రోజుల చొప్పున చదివాను.

అది యుద్ధంలో మిగిలిన బండి. మొదట దానికి రేకు బాడీ ఉండేది. మా సెక్షనుకి రాకముందు విశాఖపట్నంలో సముద్రపు గాలికి తుప్పుపట్టి ఆ రేకు జల్లెడైపోయింది. నేను చేరిన నెలలోనే చెక్క బాడీ కట్టించారు. కట్టినవాడు సన్యాసాచారి. చెరకు బళ్ళు చేయడంలో బుచ్చయ్యపేట దాకా అతనికి సాటి లేడు. అతని లెక్కలో బలమంటే మందం. రెండంగుళాల మద్దిచెక్కలు, కింద దూలాలు, మూలమూలకీ ఇనప పట్టీలు. "సర్కారోరి బండి మేస్త్రీ, మన మనవలు కూడా సూడాల" అన్నాడు. నేనూ చెక్క మీద గుద్ది చూసి భేషన్నాను. తప్పులో నా వాటా నేను దాచుకోను.

ఆ పైన ఓవర్సీరు గారి ముచ్చట్లు. గేదెలు గుద్దుకుంటాయని ముందు రైలుపట్టా ముక్కతో బంపరు. కప్పు మీద ఇనప కేరియరు. రెండో స్టెప్నీ. పనిముట్లకి తాళం వేసే ఇనప్పెట్టె. ఉంటే మంచిదే కదా అంటూ ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

సెప్టెంబరులో పది రోజుల ముసురు తర్వాత, మాడుగుల దాటి ఒక ఎత్తు ఎక్కుతుండగా క్లచ్చి పొగలు కక్కింది. ఇంజను బలాన్ని చక్రాలకి అందించే పలక అది. అది పోతే ఇంజను తిరుగుతుంది గాని బండి కదలదు. కంప్రెసర్ వెనక్కి లాగేస్తుంటే, దేవసహాయం పికప్పుని పక్కగట్టుకి ఆనించి ఆపాడు. వెనక నడుస్తున్న నలుగురు కూలీలు అందుకే బతికారు. ఓవర్సీరు మాత్రం "క్లచ్చిపై కాలు ఉంచి తోలుట వలన కాలినది" అని రిపోర్టు రాశారు. సస్పెండ్ చేసి, లైసెన్సు రద్దుకి కూడా సిఫారసు చేశారు. దేవసహాయం మిలిటరీలో బండి తోలి వచ్చిన మనిషి. లైసెన్సు పోతే ఇక ఎక్కడా స్టీరింగు ముట్టుకోలేడు.

మర్నాడు షెడ్డుకొచ్చి నిలబడ్డాడు. "నా కాలు ఏడుందో నాకు తెలీదేటి మేస్త్రీ? బండే ముందట్లా లేదు. ఎత్తెక్కుతంటే ఎనకనించి ఎవడో ఒడిసి పట్టుకున్నట్టుంది" అన్నాడు.

ఆ పట్టుకున్నదెవరో తెలుసుకోవాలనిపించింది. పుస్తకం తీశాను. బండి సొంత బరువు, అందులో మనుషులూ సామానూ, వెనక కట్టినదీ అన్నీ కలిపి డెబ్భై హండ్రెడ్‌వెయిట్లు మించరాదని ఉంది. హండ్రెడ్‌వెయిట్ అంటే నూట పన్నెండు పౌన్లు. మా రిజిస్టరులో పికప్పు ముప్ఫై ఒకటి. కంప్రెసర్ ముప్ఫై రెండు. మనుషులూ పనిముట్లూ ఐదు. మొత్తం అరవై ఎనిమిది. కాగితం ప్రకారం డ్రైవరే దోషి. కాని ఆ ముప్ఫై ఒకటి రేకు బాడీ నాటిది. చెక్క బాడీ కట్టాక బండిని ఎవరూ తూచలేదు!

చోడవరంలో చెరకు బళ్ళు తూచే పెద్ద కాటా ఉంది. సీజను కాదు గనక ఖాళీగా ఉంది. చెడిపోయిన పికప్పుకి రెండు జతల ఎడ్లు కట్టించి అక్కడికి ఈడ్పించాను. కాటా గుమాస్తా అలవాటు కొద్దీ, "ఎడ్లతో తూసేదా, ఇప్పేసా?" అని అడిగాడు. ఎడ్ల రైతు చెమట తుడుచుకుంటూ, "నీ కాటా ఎందుకు బాబూ, నా ఎడ్లనడుగు, సెప్తాయి" అన్నాడు.

ఎడ్లు విప్పి తూచాం. ఖాళీ బండి నలభై రెండు. లెక్క డెబ్భై తొమ్మిదికి చేరింది.

నేరం ఓవర్సీరు గారి ముచ్చట్లదేనని అప్పటికి నా నమ్మకం. బంపరు, కేరియరు, స్టెప్నీ, పెట్టె ఊడదీసి మళ్ళీ తూచాను. తగ్గింది నాలుగే. తక్కిన ఏడూ నేను భేషన్న చెక్కది. బాడీలోంచి ఒక చెక్క ఊడదీసి కోమటి కొట్లో తూయించి, నెలరోజులు కప్పు కింద ఆరబెట్టి మళ్ళీ తూయించాను. ఎనిమిదో వంతు తగ్గింది. అంటే ముసురులో ఆ బాడీ నీళ్ళు తాగి ఇంకా బరువెక్కింది. రేకు తుప్పు పడుతుంది గాని నీళ్ళు తాగదు.

ఈ సంగతి సన్యాసాచారికి చెబితే అతను నవ్వాడు. "బండి బరువైతే ఎడ్లని మారుస్తారు గాని, బండిని తప్పు పడతారేటి మేస్త్రీ?" అన్నాడు. అతనికి కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు.

అర్జీ పెట్టాలంటే పై అధికారి ద్వారానే పంపాలి. నా పై అధికారి ఓవర్సీరు. "బరువు రిజిస్టరులో ఉండగా నువ్వు కొత్తగా తూచేదేమిటయ్యా?" అని రెండు అర్జీలు సొరుగులో పడేశారు. మూడోది కాటా చీటీలు జతచేసి, తిన్నగా ఇంజనీరు గారికే పంపాను. ఐదు నెలలు దేవసహాయం ఇంట్లో కూర్చున్నాడు.

నేను నేర్చుకున్నది ఇది. రిజిస్టరులో బరువు ఆ రోజుదే. బండికి ఏది తగిలించినా, దేనితో బాడీ కట్టినా, అది ఈడ్చగల బరువులోంచి అంతా తీసేయాలి. అలా తీసేశాకే డ్రైవరు కాలి సంగతి మాట్లాడాలి.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదానికి నా తెలుగు ఇది:

"డ్రైవరు దేవసహాయముపై సస్పెన్షను ఎత్తివేయడమైనది. లైసెన్సు రద్దు సిఫారసు ఉపసంహరించడమైనది. చెక్క బాడీ తొలగించి రేకు బాడీ అమర్చవలెను. అనుమతి లేకుండా ప్రభుత్వ వాహనమును ఎడ్లచే ఈడ్పించి బయటి కాటాపై తూచినందుకు మెకానిక్కును మందలించడమైనది. ఇకపై ప్రతి యేటా ఈ వాహనమును తూచు బాధ్యత సదరు మెకానిక్కుదే."