పూజలో ఉండిపోయిన కర్ర

ఈ ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, ఫోన్లో చూడాల్సినవీ చూడక్కర్లేనివీ అన్నీ చూస్తూ కూర్చున్నాను. మన ఈడు వాళ్ళం పిల్లలు ఫోను వదలరని సణుగుతాం గాని, మనం మాత్రం ఏం తక్కువ తిన్నామని? రిటైరై ఇంట్లో కూర్చున్నా, కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేను పనిచేసిన కాలేజీ వాళ్ళ ఆటల పేజీని ఫోన్లోంచి తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఏటా ఈ రోజుల్లోనే వాళ్ళు లక్రాస్ టీముల్లో కొత్తగా చేరబోయే పిల్లల ఫొటోలు పెడతారు. ఈసారి ఆడపిల్లల టీము ఫొటోల్లో, మాంట్రియల్ నుంచి మారి వస్తున్న ఒక పిల్ల బొమ్మ కింద ఇంగ్లీషులో మా ఇంటిపేరు కనిపించింది. పేరు చదవకముందే ఆ కనుబొమలు చూసి కాఫీ కప్పు కింద పెట్టేశాను. అది మా మరిది కూతురు. నేను ఆ పిల్లని ఎన్నడూ చూడలేదు.

లక్రాస్ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నాకూ అప్పట్లో తెలియదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక కుర్రాడు భుజాన కర్ర వేసుకుని పోతుంటే, మామిడికాయలు కోసే దోటిలాగా చివర చిక్కం కట్టి ఉందే, ఈ మంచు దేశంలో మామిడిచెట్టు ఎక్కడుందబ్బా అనుకున్నాను. ఆ చిక్కంతోనే బంతిని పట్టుకుని, పరుగెత్తి, విసిరి గోల్ కొట్టాలి. మా ఆయనకి కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని, జీతం చాలక నేనూ ఏదో ఒకటి చూసుకోవాల్సి వచ్చి, కాలేజీలో ఆటసామాన్ల గదిలో చేరాను. గది ముందు పెద్ద కిటికీ ఉండేది. పిల్లలు దానిముందు నిలబడి సైజు చెబితే జెర్సీ, హెల్మెట్, గ్లవ్స్ ఇవ్వడం, మ్యాచ్ అయ్యాక ఆ చెమట కంపంతా తిరిగి తీసుకుని ఉతకడం నా ఉద్యోగం. డిగ్రీ చదివింది ఇందుకా అని మొదటి నెలంతా ఏడ్చాను, రెండో నెల నుంచి ఏడవడానికి తీరిక లేకపోయింది.

ఆ కిటికీ దగ్గరే నేను మనుషుల్ని చదవడం నేర్చుకున్నాను. స్కూళ్ళు తిరిగి కోచ్ ఏరి తెచ్చుకున్న పిల్లల్ని రిక్రూట్లనేవారు. వాళ్ళు అమ్మానాన్నల్ని వెంటేసుకుని వచ్చి, సిగ్గుపడుతూ, ఒంటికి సరిపోయే దానికంటే ఒక సైజు పెద్దది అడిగేవారు. వేరే కాలేజీ నుంచి మారి వచ్చేవాళ్ళు ట్రాన్స్‌ఫర్లు. బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన మాస్టారిలా ఒంటరిగా వచ్చి, ఏది ఎక్కడుంటుందో ముందే తెలిసినట్టు అడిగి తీసుకుపోయేవారు. వాళ్ళ బ్యాగుల మీద పాత కాలేజీ గుర్తు పీకేసిన చోట జిగురు మరక ఉండేది. ఇద్దరికీ చెందని మూడో రకం కూడా ఉంది, కోచ్ పిలవకపోయినా పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, నన్నూ ఒకసారి ఆడించి చూడండని బతిమాలేవాళ్ళు. మా మరిది ఆ మూడో రకం.

మా అత్తగారు పోయాక ఆ పిల్లవాడికి మేం తప్ప ఎవరూ లేకపోయారు. మా ఆయన వెళ్ళి తీసుకొచ్చేనాటికి వాడికి పద్నాలుగేళ్ళు. వచ్చిన మొదటి చలికాలమంతా వాడు పెదవి విప్పితే ఒట్టు. స్కూల్లో ఒక టీచరు పాత లక్రాస్ కర్ర చేతిలో పెట్టాక మాత్రం మనిషిలో మనిషయ్యాడు. మేం అద్దెకున్న టౌన్‌హౌస్ పక్కగోడకి బంతి కొట్టి కొట్టి, పక్కింటి ముసలావిడ చేత నాకు చీవాట్లు పెట్టించేవాడు. నేను కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా వంటింటి నేల మీద కూర్చుని, ఆ చిక్కం తాళ్ళు బిగిస్తూ, వదులు చేస్తూ, మళ్ళీ బిగిస్తూ కబుర్లు చెప్పేవాడు. ఆ చిక్కం వాడి చేతికి అలవాటు పడడానికి ఎన్నాళ్ళో పడుతుందని, ఒకరి కర్రతో ఇంకొకరు సరిగ్గా ఆడలేరని నాకు చెప్పింది వాడే. నాకప్పటికి పిల్లలు లేరు, ఆ తరవాతా పుట్టలేదు. వాడు నాకేమిటో నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మా కాలేజీలోనే చేరాడు. మొదటి ఏడు కోచ్ ఒప్పుకోలేదు. రెండో ఏడు, ఒక ట్రాన్స్‌ఫర్ కుర్రాడి కాగితాలు ఇంకా రాకపోవడంతో, ఆ ఖాళీలో వాడిని తీసుకున్నాడు. కాగితాలు వచ్చేలోగా బాగా ఆడితే చోటు నీదే, లేకపోతే అతనిదని తేల్చి చెప్పాడట. వాడు నా కిటికీ ముందుకి వచ్చి, ఇంట్లో రోజూ చూసే మనిషిని కానట్టు నిటారుగా నిలబడి, "మీడియం ప్లీజ్, వదినా" అన్నాడు. ఆ జెర్సీ మడత విప్పి, చిరుగులేమైనా ఉన్నాయేమోనని రెండుసార్లు చూసి ఇచ్చాను. ఇంటికొచ్చాక మా ఆయన ఒక్క ముక్కే అన్నారు, "మార్కులు తగ్గాయంటే మాత్రం ఊరుకోను." ఆయనకి తమ్ముడి మీద ప్రేమ లేక కాదు, వాడూ ఫ్యాక్టరీలో తనలాగా నిలబడి బతకాల్సి వస్తుందేమోనని భయం. ఆ భయానికి కోపం తప్ప వేరే భాష రాదు ఆయనకి.

మాకు దసరా అంటే మహర్నవమి నాటి ఆయుధపూజే. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో తెప్పించుకున్న పసుపూ కుంకుమా పొదుపుగా వాడుకుంటూ, ఒక పీట మీద మా ఆయన స్పానరు, నా కత్తెర, కూరల కత్తి, కారు తాళాలు పెట్టేదాన్ని. మా మరిది చేతికి లక్రాస్ కర్ర వచ్చిన ఏటి నుంచీ అది కూడా చేరింది. "నాది కూడా పెట్టు వదినా" అని వాడే తెచ్చిచ్చాడు. చిక్కం కర్రకి అతుక్కునే చోట తెల్ల టేపు చుట్టి ఉంటుంది, దానిమీద పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేదాన్ని. ఎన్నిసార్లు తుడిచినా ఆ పసుపు పోయేది కాదు. పూజలో పెట్టిన వస్తువు మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని మా అత్తగారి పట్టింపు, అదే నాకూ వచ్చింది. మీ ఇళ్ళల్లోనూ పుస్తకాలు పూజలో పెట్టి, ఆ ఒక్కరోజూ చదవక్కర్లేదని సంబరపడిన పిల్లలు ఉండే ఉంటారు.

ఆ ఏడు నవమి శనివారం వచ్చింది. వాడి చోటు తేల్చే మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం, పక్క ఊళ్ళో. ఆదివారం పొద్దున్నే ఉద్వాసన చెప్పేస్తాను, కర్ర తీసుకుని వెళ్దువుగానిలే అన్నాను. పూజ చేసి, నేనూ మా ఆయనా గంట దూరంలో ఉన్న నార్త్ యార్క్‌లో తెలిసినవాళ్ళింట్లో పేరంటానికి వెళ్ళిపోయాం. మేం వెళ్ళిన కాసేపటికి ఇంటికి ఫోనొచ్చిందట, ఆదివారం పెద్ద వాన ఉందంటున్నారు, మ్యాచ్ ఇవాళే పెట్టారు, బస్సు బయల్దేరుతోంది, రమ్మని. జేబుల్లో ఫోన్లు లేని కాలం, మమ్మల్ని అడిగే దారి లేదు. దీపం కొండెక్కి, అక్షింతలు చల్లి ఉన్న పీట మీద వాడి కర్ర ఉంది. వాడు దాన్ని తాకలేదు. వట్టి చేతులతో వెళ్ళి, బస్సులో ఎవరి దగ్గరో ఇంకో కర్ర అడిగి తీసుకుని ఆడాడు.

మేం తిరిగి వచ్చేసరికి వాడు సోఫాలో పడుకుని ఉన్నాడు, ఒంట్లో బాగాలేదన్నాడు. కర్ర పీట మీదే ఉంది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. సోమవారం కిటికీ దగ్గర మురికి జెర్సీలు అప్పజెబుతూ ఒక కుర్రాడు చెబితే తెలిసింది. వాడి చేతుల్లో బంతి నిలవలేదట, విసిరినవన్నీ ఎటో పోయాయట, కర్ర ఇంట్లో మర్చిపోయి మ్యాచ్‌కి వచ్చేవాడు నాకక్కర్లేదని కోచ్ అందరి ముందూ అన్నాడట. వాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదట.

ఆ సాయంత్రం ఇంటికి పరుగున వచ్చి, ఎందుకు తీసుకెళ్ళలేదురా అని గట్టిగా అరిచాను. "నువ్వే కదా వదినా కదపకూడదంటావ్. అమ్మ కూడా అదే అనేది" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. వంగి తీసుకుని ఒక దణ్ణం పెట్టుకుని పోతే అమ్మవారు ఏమనేది? చంటిపిల్లాడు బొమ్మ తీసుకున్నాడని ఏ తల్లయినా కోప్పడుతుందా? నేను కోచ్‌తో మాట్లాడతానని లేచాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దు వదినా. ఏమని ఎక్స్‌ప్లెయిన్ చేస్తావ్? కర్రకి పూజ చేశామంటే నవ్వుతారు. నన్ను నవ్వితే ఫర్వాలేదు" అన్నాడు. నవ్వితే ఎవరిని నవ్వుతారో వాడు చెప్పలేదు, నన్నేనని నాకు అర్థమైంది.

ఆ వారంలోనే ట్రాన్స్‌ఫర్ కుర్రాడి కాగితాలు వచ్చాయి. అతను కిటికీ ముందుకి వచ్చి మీడియం అడిగాడు. గదిలో ఉన్న మీడియం ఒక్కటే, మా మరిది వేసుకున్నది. నేనే ఉతికి మడతపెట్టింది. దాన్ని నా చేతులతోనే అతనికి అందించాను. చాలా మర్యాదస్థుడు, రెండుసార్లు థాంక్యూ చెప్పాడు. అతన్ని తిట్టుకుందామన్నా నోరు రాలేదు.

మా ఆయన మాత్రం పోనీలే, పీడ వదిలింది, ఇకనైనా బుద్ధిగా చదువుకుంటాడన్నారు. ఆ మాట వాడి చెవిన పడింది. చలికాలమంతా అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల దగ్గర తింటూ, కూర అందుకోవాల్సి వచ్చినా నాతోనే చెప్పేవారు. వసంతంలో మాంట్రియల్ కాలేజీ ఒకటి వాడిని తీసుకుంటానంది. వాడు ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేశానని చెప్పిన రోజున మా ఇంట్లో జరిగిన గొడవ నేను పూర్తిగా రాయలేను. "ఆ కర్ర పట్టుకుని గడప దాటావంటే మళ్ళీ నా ఇంట్లో అడుగుపెట్టకు" అన్నారు మా ఆయన. వాడు నా కాళ్ళకి దణ్ణం పెట్టి, అన్నగారి వైపు చూడకుండా, కర్ర భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో ఏ కిటికీ ముందు ఒంటరిగా నిలబడ్డాడో, ఎవరు వాడి సైజు అడిగారో అని చాలాకాలం అదే బెంగ నాకు.

ఇంటికి చేస్తే అన్నయ్య ఎత్తుతాడని, ఏటా మహర్నవమి నాడు నేను పనిచేసే గదికే ఫోన్ చేసేవాడు. "పూజలో పెట్టావా వదినా?" అనేవాడు. పీట మీద నీ కర్రంత చోటు ఖాళీగా ఉంచానురా అనేదాన్ని. నేనూ ఇక్కడ పెట్టుకున్నాననేవాడు. ఆట అయిపోయి, ఉద్యోగం వచ్చి, ఫ్రెంచి మాట్లాడే అమ్మాయిని చేసుకుని, పాప పుట్టినా ఆ ఫోను మానలేదు. ఒక్కసారి రారా అని ప్రతిసారీ అడిగేదాన్ని. అన్నయ్యని పిలవమను, వస్తాననేవాడు. ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, వస్తే నేను పొమ్మంటానా అనేవారు. పిలుపు ఒక్కటే తక్కువ. ఆ ఒక్క పిలుపు కోసం ఇద్దరు మొండివాళ్ళూ తలలు నెరిసేదాకా కాచుకున్నారు, మధ్యలో నేను.

ఒక దసరాకి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఆ నంబరు పనిచెయ్యడం లేదంది. చలికాలంలో ఎవరిదో గృహప్రవేశంలో, మాంట్రియల్ నుంచి వచ్చినాయన మాటల మధ్యలో, మీ ఇంటిపేరువాడే ఒకతను మొన్న వేసవిలో గుండెపోటుతో పోయాడండీ, మీకేమైనా చుట్టమా అని అడిగాడు. చేతిలోని ప్లేటు కింద పెట్టి, మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాను. మాకు చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ మేమున్నామనే తెలియదు. ఇంటికొచ్చాక ఆయన గ్యారేజీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆయన ఏడుపు నేను విన్నది అదొక్కసారే, అదీ తలుపు ఇవతల నుంచి. ఆ ఏటి నుంచి పూజలో స్పానరు పెట్టడం మానేశారు.

మొన్నటి ఫొటో ఆయనకి చూపించాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరికి ఫోను చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఇంటిపేరు చదివి, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశారు. అందరు పిల్లల్లాగే ఆ పిల్లా కర్ర భుజాన వేసుకుని నవ్వుతోంది. చిక్కం అతుక్కునే చోట టేపు తెల్లగా లేదు, పచ్చగా ఉంది. ఆ పసుపు మధ్యలో చిన్న ఎర్రబొట్టు. చూసేవాళ్ళకి ఏదో రంగు అంటుకుందనిపిస్తుంది. అది ఎవరు మొదలుపెట్టారో ఆ పిల్లకి తెలుసో తెలియదో, నాన్న పెట్టేవాడు కాబట్టి తనూ పెట్టుకుంటోంది. మా ఆయన ఆ బొట్టు దగ్గరే వేలు ఆపి, "ఈసారి దసరా ఎప్పుడు?" అన్నారు. నేను లేచి గోడ మీది క్యాలెండరు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

నాలుగు రోజులాగి, వాకింగని చెప్పి ఒక్కదాన్నే కాలేజీకి వెళ్ళాను. నా కిటికీ లేదు. దాన్ని గోడతో మూసేసి, ఇనుప అరలు పెట్టారు. ఇప్పుడు పిల్లలు సైజులు ఫోన్లోనే పంపిస్తారట, ఎవరి అర వాళ్ళు నంబరు నొక్కి తెరుచుకుని తీసుకుంటారట, ఎవరితోనూ మాట్లాడే పని లేదని అక్కడి అమ్మాయి గొప్పగా చెప్పింది. మంచిదే, నాలా నడుం నొప్పితో ఎవరూ నిలబడక్కర్లేదు. కాని ఆ కిటికీ ఉండి, దాని వెనక నేనుండి ఉంటే, ఈ సెప్టెంబరులో ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని ఒంటరిగా నా ముందుకే వచ్చి నిలబడేది. నేనెవరినో చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయినా, అందరినీ అడిగినట్టే నీ సైజెంతమ్మా అని అడిగి, నేను ఉతికి మడతపెట్టిన జెర్సీ ఒకటి దాని చేతిలో పెట్టేదాన్ని.