తెగని రాఖీ

వనపర్తిలో నాకొక వడ్రంగి షాపు ఉంది. తలుపులు, దర్వాజలు, మంచాలు చేస్తాను. వాటికంటే ఎక్కువగా ఉపన్యాసాలిస్తాను. షాపు నడుమ రంపం మిషన్ ఉంటుంది. ఇనుప బల్ల, దాని చీలికలోంచి పైకి లేచిన పళ్ల చక్రం. షాపులోకి ఎవరొచ్చినా ముందు భుజం మీది తువ్వాల తీయమంటాను. ఉంగరం, గడియారం, వేలాడే చేతుల చొక్కా, ఏవీ దాని దరిదాపులకు రావద్దంటాను. చెక్కను చివరిదాకా చేత్తో నెట్టకూడదు, తోపుడు కర్రతో నెట్టాలి. చక్రానికి ఎదురుగా నిలబడితే చెక్క వెనక్కి తన్ని కడుపులో దిగుతుంది, కాబట్టి పక్కకు నిలబడాలి. స్విచ్ ఆపినా చక్రం పూర్తిగా ఆగేదాకా ముక్క తీయకూడదు. ఇదంతా విన్నాక ఒక పెద్దమనిషి, "నేను దర్వాజ చేయించుకుందామని వచ్చిన, నేర్చుకుందామని కాదు" అని కొలత కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇంత చెప్పే నేను రోజూ ఒక దొంగ పని చేసేవాణ్ని. దానికి కారణం మా అక్క.

అక్కను గద్వాలలో ఇచ్చారు. ఇల్లంతా మగ్గం పనే. రాఖీ పండుగకు ఆమె బజారు రాఖీ కొనదు. చీర నేయగా మిగిలిన పట్టు, జరీ పోగులు కలిపి తానే పేనుతుంది. మా ఇంట్లో రాఖీ విప్పడం అపశకునం. అదే అరిగి, అదే తెగి రాలిపోవాలి. బజారు రాఖీలైతే స్నానాలకే ఊడిపోయి మర్యాద నిలబెడతాయి. మా అక్క పేనినది మాత్రం ఎద్దును కట్టినా తెగదు. అలాంటి తాడు మణికట్టుకు కట్టుకుని, జరీ కుచ్చు వేలాడుతుండగా, తిరిగే చక్రం దగ్గరికి చెయ్యి పెట్టాలి. చక్రం దాన్ని అందుకుందంటే దారం తెగదు, చెయ్యే పోవాలి.

పోనీ, అక్కకు ఆ మాట చెప్పొచ్చు కదా అంటే, ఆ దారి నేనే మూసుకున్నాను. ముంబైలో పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి చెక్క వెనక్కి తన్ని నా పక్కటెముకలను రాసుకుంటూ పోయింది. సరిగ్గా అప్పుడే చాయ్ వచ్చిందేమోనని నేను పక్కకు తిరగడం వల్ల బతికిపోయాను. చాయ్ వల్ల బతికానంటే ఏం బాగుంటుంది? అక్కకు ఫోన్ చేసి, "నీ రాఖీ ఉన్నందుకే బతికిన" అన్నాను. ఆమె ఫోన్లోనే ఏడ్చింది. నా మాట బాగా పేలిందని నేను సంబరపడ్డాను. అప్పటినుంచి ఆమె రాఖీ ఇంకా గట్టిగా పేనడం మొదలుపెట్టింది.

అందుకని పొద్దున షాపుకు రాగానే రాఖీ విప్పి మేకుకు తగిలించేవాణ్ని. సాయంత్రం పళ్లతో ఒక కొస పట్టుకుని, కోతిలా తిప్పలు పడి మళ్లీ కట్టుకునేవాణ్ని. ఎందుకంటే అక్క వీడియో కాల్ చేసి, బాగున్నవా అనేకంటే ముందు, "ఏదీ, చెయ్యి చూపియ్" అంటుంది.

ఒకసారి వనపర్తిలో పెళ్లికి వచ్చి, చెప్పకుండా షాపు ముందు ఆటో దిగింది. నేను మేకు మీద రాఖీ లాగి, చెక్కల చాటున ముడి వేసుకుని బయటికి వచ్చాను. అక్క ముందు నా చెయ్యి చూసింది, తర్వాత మిషన్ చూసింది.

"ఇదేనా తమ్మీ, ఆ మిషను? జర నడిపియ్, చూస్త."

కరెంటు లేదనొచ్చు. బెల్టు తెగిందనొచ్చు. అబద్ధాలకు నాకెప్పుడూ కరువు లేదు. కానీ అక్క ముందు పనితనం చూపించాలన్న యావ ఒకటి ఉంది కదా. స్విచ్ వేశాను. టేకు పలక పెట్టి నెట్టాను. పలక సగం కోసుకుపోయింది. అప్పుడు జరీ కుచ్చు చెక్క మీద పడి, పలకతోపాటు చక్రం వైపు జరుగుతూ కనిపించింది. చెయ్యి వెనక్కి లాక్కుని మోకాలితో స్విచ్ ఆపాను. చక్రం ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. రెండో చేత్తో కుచ్చును మూసి పట్టుకున్నాను.

"ఏమైందిరా?"

ఇక దాచలేకపోయాను. మేకు సంగతి, చాయ్ సంగతి, అన్నీ చెప్పాను. అక్క తిట్టలేదు. పలక దగ్గరికి వచ్చి, కోత ఎక్కడ ఆగిందో వేలితో తడిమింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"నీ చెయ్యి మంచిగుండాలనే గద నేను కట్టేది. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడుతవని."

"చెయ్యి పోయినంక బాధపడకపోదునా?"

 

మరుసటి రాఖీకి అక్క పొద్దున బస్సుకే వచ్చింది. బొట్టు పెట్టి, హారతిచ్చి, నోట్లో మిఠాయి పెట్టి, ఎప్పటిలాగే పట్టు రాఖీ కట్టింది. ఎప్పటికంటే గట్టిగా పేనింది. నా చెయ్యి కళ్లకద్దుకుని కాసేపు వదలలేదు. మా ఇంట్లో ఏ ఆడపడుచూ చేయని పని అప్పుడు చేసింది. వంగి, తాను వేసిన ముడిని తానే మెల్లగా విప్పింది.  నాకు ఏడుపొచ్చింది.

"కట్టిన గద, అయిపాయె" అంది అక్క. "ఇగ పో, పనికి పో."