కల్లుప్పు వేసిన సీసా

ఉప్పాడ నుంచి కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు ఎక్కడుండాలో ఏటికేడు సముద్రమే తేలుస్తుంది. ఆ మార్చి ఉదయం కూడా అలలు రాళ్ళు విసిరిపోవడంతో షేర్ ఆటో ఆగింది. డ్రైవరు దిగి రాళ్ళు పక్కకి నెడుతుంటే, ఒక ముసలామె థర్మాకోల్ పెట్టెతో ఎక్కి సూర్యకళ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

సూర్యకళ కాకినాడలో ఒక ఆసుపత్రి ల్యాబులో వారం కిందటే చేరిన టెక్నీషియను. మాట కలుపుదామని, "ఎక్కడికండి మామ్మగారూ?" అంది.

"ఓసి నీ తెలివి తెల్లారా! బేరానికి బయల్దేరినోళ్ళని ఎక్కడికంటారా? దూరమా అనాలి."

"సరేనండి. దూరమా?"

"కాకినాడే. పైన చందువ చేపలు, అడుగున నాది."

"మీదేంటండి?"

"ఒంటేలు. డాక్టరుగారు సీసా ఇచ్చి పట్టుకు రమ్మన్నారు."

అవతల కూర్చున్నాయన కాళ్ళు దగ్గరకి లాక్కున్నాడు. "కంగారు పడకయ్యా, నీకమ్మనులే" అందామె.

పేరు లోవమ్మ. అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా ఉప్పాడ చేప కాకినాడ వాకిళ్ళకి చేరేది ఆమె నెత్తి మీదే. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడంలో ఊళ్ళో ఆమెకి సాటి లేదు. నిరుడు ఒంటేలు ఎర్రగా వస్తే మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి మూత్రాశయంలో క్యాన్సరు కంతి ఉంది. తీసేశారు. అది మళ్ళీ మొలిచే రకం కాబట్టి, మూడు నెలలకోసారి కెమెరా గొట్టం లోపలికి పెట్టి చూస్తున్నారు.

"సముద్రానికి భయపడలేదమ్మాయ్, ఆ గొట్టానికి భయపడ్డాను. ఈసారి రానని చెప్పేశాను. అప్పుడు డాక్టరుగారు ఈ కొత్త పరీక్ష మాట చెప్పారు. ఇందులో ఏం లేదంటే గొట్టం ఇప్పట్లో ఉండదంట. ఉందంటే..." అంటూ పెట్టె మూత తడిమింది.

ఆ పరీక్ష చేసేది తమ ల్యాబేనని సూర్యకళకి అప్పటికే అర్థమయింది. కంతి మళ్ళీ మొలిస్తే దాన్నుంచి కణాలు రాలి మూత్రంలో కొట్టుకొస్తాయనీ, వాటిలోని గుర్తుల్ని మిషను పట్టేస్తుందనీ చెప్పింది.

"ఓస్, ఇంతేనా! నీళ్ళ రంగు చూసి, పైన తిరిగే పిట్టల్ని చూసి, అడుగున చేప ఉందో లేదో మావాళ్ళు చెప్పట్లా? ఎవరైనా దూకి చూస్తారా?"

వెనకటి వైద్యులు రోగి మూత్రంలో నువ్వులనూనె చుక్క వేసి, అది పాకిన తీరును బట్టి రోగం సంగతి చెప్పేవారట. ఆ చుక్కకి ఎంత తెలిసేదో గానీ, మనిషిని కొయ్యకుండా లోపలి కబురు వినాలన్న ఆశ మాత్రం ఇవాళ్టిది కాదు.

ల్యాబులో పెట్టె తెరిచి, చందువలు తీసి, అడుగునున్న సీసా చేతిలోకి తీసుకోగానే సూర్యకళ గతుక్కుమంది. లోపల పసుపుపచ్చటి గడ్డ.

"ఇదేంటండి, గడ్డకట్టేసింది!"

"కట్టదా మరి? ఐసు మీద రెండు గుప్పిళ్ళు కల్లుప్పు జల్లాను. చల్లగా తెమ్మన్నారుగా. ఉప్పు పడితే చలి రెట్టింపవుతుంది, చందువ కన్ను సాయంత్రందాకా మెరుస్తానే ఉంటుంది."

"కణాలు పగిలిపోతాయి మామ్మగారూ. ఇది పనికిరాదు."

"చేపకి పనికొచ్చింది, నీ కణాలకి పనికిరాలేదా? ఏం సుకుమారమమ్మా!"

సీసాతో ఇచ్చిన కాగితం మీద 'చల్లగా ఉంచాలి' అని ఉందే తప్ప, గడ్డకట్టకూడదని ఎవరూ రాయలేదు. ఐసుతో బతికేవాళ్ళ ఊరికి అది సరిపోదని ఎవరికీ తట్టలేదు. సూర్యకళ ఆ మాట పెన్నుతో చేర్చి, కొత్త సీసా ఇచ్చింది. లోవమ్మ రెండు చెంబుల నీళ్ళు తాగి, అవి దిగేలోగా వరండాలో కూర్చుని చందువలన్నీ నర్సులకి అమ్మేసింది. ఆ తర్వాత సీసా నింపి తెచ్చి, "ఇదిగో, ఉప్పు లేకుండా" అంది.

మిషనులో పెట్టేముందు సూర్యకళ సీసా మీది నంబరు రెండుసార్లు సరిచూసుకుంది. రోజూ పెట్టే సీసాల మీద నంబర్లే ఉంటాయి. దీని వెనక మాత్రం నవ్వే మొహం ఒకటి కనబడుతోంది.

పది రోజులకి లోవమ్మ వచ్చింది. ముందులా ఎవర్నీ ఆటపట్టించలేదు. బల్ల ముందు కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటోంది. డాక్టరుగారు సూర్యకళ అందించిన కాగితం చూసి తలెత్తారు.

"ఏం లేదమ్మా. ఈసారికి గొట్టం వద్దు. మూడు నెలలకి మళ్ళీ సీసా తీసుకురా. గొట్టం పూర్తిగా పోదు, ఏడాదికోసారి చూడాల్సిందే."

"ఏడాదికోసారి అంటే అమ్మవారి తీర్థంలాంటిదే కదండి, పడతాను" అని లోవమ్మ గట్టిగా నవ్వేసరికి బయట వరసలో ఉన్నవాళ్ళు తొంగిచూశారు.

"చుట్ట మానేశావా?"

"నిప్పు మానేశానండి. ఊరికే నముల్తున్నాను."

"అదీ మానాలి!" అన్నారు డాక్టరుగారూ సూర్యకళా ఒక్కసారే.

"ఇద్దరూ ఒకటయ్యారా!" అంటూ లోవమ్మ రొంటినున్న చుట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది. పెట్టెలోంచి పెద్ద చందువ ఒకటి తీసి, వద్దంటున్నా సూర్యకళ టిఫిను డబ్బాలో కుక్కింది. పెట్టె నెత్తికెత్తుకుంది.

ఎక్కడికండి అనబోయి సూర్యకళ నాలిక కరుచుకుంది. "దూరమా మామ్మగారూ?"

లోవమ్మ వెనక్కి చూడలేదు. బేరానికి కదిలిన కాలు ఆగదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని "అడ్డు లే అబ్బాయ్" అని గదమాయించి, ఎండలోకి నడిచిపోయింది. కాసేపటికి వీధి మలుపు అవతల నుంచి వినబడింది: "చందువలమ్మా... చందువలూ!"