చెవుల మేస్త్రి లైసెన్సు

కారుకు వచ్చిన జబ్బు కనిపెట్టడానికి కొందరు మెకానిక్కులు కంప్యూటరు తగిలిస్తారు. కొందరు బానెట్టు ఎత్తి గంటల తరబడి తొంగిచూస్తారు. ఈ మేస్త్రి మాత్రం చెవి ఒగ్గుతాడు, అంతే. కారు ఇంకా వీధి మలుపులో ఉండగానే బేరింగు పోయిందని షెడ్డులోంచి కేక వేసేవాడు. అందుకే అందరూ ఆయన్ని చెవుల మేస్త్రి అనేవారు. ఆ చెవులు కూడా పేరుకు తగ్గట్టే చేటలంత ఉండేవి.

బాగుచేసిన ప్రతి కారునూ ఓసారి వీధులన్నీ తిప్పి తేవడం ఆయన అలవాటు. ఆ తిప్పడం చూసి తీరాలి. రేడియో కట్టేసి, కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి, మెడ వెనక్కి తిప్పి చక్రాల చప్పుడు వింటూ నడిపేవాడు. ఎదురుగా వచ్చేవాళ్ళే చూసుకుని తప్పుకోవాలి. జుట్టు నెరిసేదాకా అలాగే గడిచిపోయింది. లైసెన్సు ఉందా అని ఆయన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఈత నేర్పేవాణ్ణి పట్టుకుని నీకు ఈత వచ్చా అని ఎవరడుగుతారు? నిజానికి ఆయనకు లైసెన్సు లేదు. తీసుకోవలసిన వయసులో, నాకు పరీక్ష పెట్టే మొనగాడెవడని మొండికేశాడు. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

ఆయన అక్క కూతురు నర్సు. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరినా ఇంకా మంచం దిగని రోగుల ఇళ్ళకు వెళ్ళి, కట్లు మార్చి, సూదిమందు వేసి వస్తుంది. బరువైన సంచీతో బస్సులెక్కి దిగి విసిగిపోయి, చివరికి ఓ కారు కొనుక్కుంది. ఎవరో వాడి అమ్మేసినదే గానీ, పొద్దున్నే దాన్ని తుడిచే తీరు చూస్తే పసిపిల్లకు స్నానం చేయిస్తున్నట్టుండేది. దానికి పూర్తి బీమా కూడా చేయించింది. బీమా గురించి ఆమెకు తెలిసింది ఒకటే. కారుకు చేయించాం కాబట్టి కారుకు ఏమైనా కంపెనీ చూసుకుంటుంది. నడిపేది ఎవరన్న ప్రశ్న కూడా ఉంటుందని ఆమెకు తట్టనే లేదు.

ఒక ఆదివారం మేస్త్రి అక్కగారింట్లో భోంచేసి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. మేనకోడలి కారు వచ్చి ఆగింది. మేస్త్రి చెవులు నిక్కబొడుచుకున్నాయి. వెనకాల ఏదో కీచుమంటోంది, తాళాలిలా ఇవ్వమన్నాడు. ఆమె మారుమాట లేకుండా ఇచ్చేసింది. సొంత మేనమామ, పైగా మెకానిక్కు, ఇక ఆలోచించేదేముంది?

ఆ కీచు ఏ చక్రానిదో తేలకముందే పార్కు గేటు స్తంభం అడ్డొచ్చింది. స్తంభమే అడ్డొచ్చిందని ఆయన చాలారోజులు వాదించాడు. బానెట్టు మడతపడింది, రేడియేటరు పగిలింది, ముందు దీపాలు రెండూ పోయాయి. అదృష్టం కొద్దీ అక్కడ మనిషన్నవాడు లేడు. మేస్త్రికి గీత కూడా పడలేదు. ఆ రాత్రి మాత్రం ముద్ద దిగలేదు.

బీమా కంపెనీ సర్వేయరు షెడ్డుకు వచ్చేలోపే అక్కగారు ఓ తీర్మానం చేసేసింది. అమ్మాయే నడిపిందని చెబితే సరి, దానికి లైసెన్సు ఉంది, ఎవరికీ ఏమీ తెలియదు. మేనకోడలు కూడా ఒప్పుకుంది. మేనమామ పరువు పోవడం ఆమెకు ఇష్టం లేదు. కారు లేకపోతే పని సాగదన్న భయం కూడా ఉంది.

సర్వేయరు నెమ్మదస్తుడు. కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని, ఎవరు నడిపారని అడిగాడు. మేనకోడలు నోరు తెరవబోయింది. ఈలోగా మేస్త్రి గొంతు సవరించుకుని, ఆ స్తంభం పక్కన ఎవరైనా నిలబడి ఉంటే ఏమయ్యేదని అడిగాడు.

"నడిపినవాళ్ళకి లైసెన్సుంటే కంపెనీ చూసుకుంటుందండి" అన్నాడు సర్వేయరు. "లేకపోతే దెబ్బ తగిలినవాళ్ళకి ముందు కంపెనీయే కట్టాల్సొచ్చినా, ఆనక తాళాలిచ్చినవాళ్ళ ముక్కుపిండి వసూలు చేస్తుంది. బండికి పెట్టే ఖర్చయితే అసలే రాదు."

మేస్త్రి మేనకోడలి వైపు చూశాడు. చేతి సంచీని పొట్టకు హత్తుకుని నిలబడి ఉంది. తనను నమ్మి తాళాలిచ్చిన పిల్ల. తన మొండితనానికి ఈ పిల్ల నడ్డి విరిగేది కదా అనుకున్నాడు. ఇప్పుడు తనకోసం అబద్ధం కూడా ఆడబోతోంది.

"నేనే నడిపానండీ. నాకు లైసెన్సు లేదు" అన్నాడు.

అక్కగారు నెత్తి కొట్టుకుంది. సర్వేయరు రాసుకోవలసింది రాసుకుని వెళ్ళిపోయాడు. బీమా ఆశ అక్కడితో సరి. లైసెన్సు ఉందా అని అడగకుండా తాళాలివ్వడం తన తప్పేనని మేనకోడలు కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు ఏడవకు తల్లీ. ఈ బండిని మళ్ళీ రోడ్డెక్కిస్తాను, నేనూ పరీక్ష నెగ్గుతాను. అప్పటిదాకా నేనడిగినా నాకు తాళాలివ్వకు" అన్నాడు మేస్త్రి.

అన్నాడంటే చేశాడు. తెల్లవారుతూనే వచ్చి, మిగతా పనులు మొదలయ్యేలోపు ఆ కారు పట్టుకునేవాడు. బానెట్టు మడతలు సుత్తితో తీసి, రేడియేటరు మార్చి, రంగు తానే వేశాడు. మిగతా కార్లను తిప్పి చూడాల్సి వస్తే ఎవరి కారు వాళ్ళనే నడపమని, తను పక్కన కూర్చుని చెవి ఒగ్గేవాడు. మేనకోడలు మళ్ళీ బస్సుల పాలయింది గానీ, ఒక్కనాడూ మాట తూలలేదు.

ముందుగా లెర్నర్ లైసెన్సు వచ్చింది. బాగైన కారుకు ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు కట్టి, మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని మేస్త్రి వీధిలోకి వచ్చాడు. జనానికి పండగే. టీకొట్టు ముందు ఒకడు, జాగ్రత్త మేస్త్రీ, అది క్లచ్చు, ఇది బ్రేకు అని వేలు పెట్టి చూపించాడు. మేస్త్రి పళ్ళు బిగపట్టుకున్నాడు.

మొదటిసారి పరీక్షలో తప్పాడు. సగం దూరం బాగానే నడిపాడు. అంతలో ఎక్కడో గులకరాయి చప్పుడైంది, తల దానంతటదే కిటికీలోంచి బయటికి పోయింది. పరీక్ష పెట్టే అధికారి కారు ఆపించి, రోడ్డు వెనకాల లేదండీ అన్నాడు. మేస్త్రి ఇల్లు చేరేసరికి కబురు ఊరంతా తిరిగొచ్చింది.

జబ్బేమిటో మేనకోడలు కనిపెట్టింది. మర్నాటి నుంచి కిటికీలన్నీ మూయించి, రేడియో గట్టిగా పెట్టింది. ఇప్పుడు కళ్ళతో నడుపు మావయ్యా అంది. చెవులు మూతపడ్డ మేస్త్రి మొదట్లో చీకట్లో తడుముకునేవాడిలా అయిపోయాడు. మెల్లగా పక్క అద్దాలు, వెనక వచ్చే సైకిళ్ళు, రోడ్డు దాటే ముసలివాళ్ళు కనిపించసాగారు. ఇన్నాళ్ళూ ఇంతమంది రోడ్డు మీద ఉన్నారా అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

రెండోసారి అదే అధికారి పక్కన కూర్చున్నాడు. మలుపులు అయ్యాయి, ఎత్తు మీద ఆపి కదిలించడం అయింది. వెనక్కి తీస్తూ ఉండగా వినిపించింది. అదే కీచు. అది రోజూ వచ్చేది కాదు, వెతికితే దొరికేది కాదు. స్తంభానికి గుద్దినప్పటి నుంచి మాయమైన ఆ దొంగ చప్పుడు ఇవాళ, ఈ నిమిషాన పలికింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. మెడ నరాలు లాగాయి. తల మాత్రం కదలలేదు. అద్దం చూశాడు, మళ్ళీ రోడ్డు చూశాడు, కారును గీతల మధ్య తిన్నగా నిలబెట్టాడు. అధికారి తల ఊపాడు.

లైసెన్సు చేతికొచ్చిన రోజు మేస్త్రి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అక్కగారింటికి వెళ్ళాడు. మేనకోడలు పనికి బయల్దేరుతోంది. తాళాలిమ్మని చెయ్యి చాచాడు. ఆమె తాళాలు వెనక దాచుకుని, రెండో చెయ్యి చాచింది.

"లైసెన్సు చూపించు మావయ్యా."

అక్కగారు నోరు నొక్కుకుంది. మేస్త్రి మాత్రం పొంగిపోయాడు. జన్మలో మొదటిసారి ఆ మాట అడిగించుకున్నాడు, జవాబు జేబులో ఉంది. జేబులోంచి కార్డు తీసి, దుమ్ము లేకపోయినా తుడిచి, ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ఫోటో చూసింది, మనిషిని చూసింది, తాళాలిచ్చింది. తను వెనక సీట్లో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

టీకొట్టు ముందు నుంచి వెళ్తుంటే గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. మేస్త్రి అటు చూడనే లేదు, రోడ్డు చూస్తున్నాడు. రోగి ఇంటి ముందు కారును మెత్తగా ఆపాక, ఎదుట వేలాడే చిన్న అద్దంలో మేనకోడలి కళ్ళలోకి చూస్తూ నవ్వాడు.

"వెనక కుడి చక్రం తల్లీ. అద్దాలు మూసుకునే విన్నాను."