ఆది జాకెట్టు ముట్టని శాంతక్క

మరిపెడలో జాకెట్లు కుట్టే శాంతక్కకు ఒకటే పిచ్చి: ఆది జాకెట్టు ముట్టదు. లోకంలోని దర్జీలంతా కొలతకు పాత జాకెట్టొకటి తీసుకుని సుఖంగా కుట్టేస్తుంటే, ఈమె మాత్రం దాన్ని పామును చూసినట్టు చూసి, మెడలోని టేపు తీస్తుంది.

"పోయిన నెలనే కొలిచినవ్ గదక్కా!" అని నేను మొత్తుకున్నా వినదు.

"గది పోయిన నెల కొలత టీచరమ్మా. పరదెనుకకు రా."

పరదా వెనక కొలతతోపాటు ఉపన్యాసం ఉచితం. శాంతక్క అన్న కూతురు జ్యోత్స్న హైదరాబాదులో రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది. ఆ పిల్ల ఆదివారం ఫోన్లో పది నిమిషాలు చెబుతుంది. ఈమె దాన్నే వారమంతా మా వీపుల మీద టేపు లాగుతూ చెబుతుంది.

"మన ఒంట్ల ఒక్క కణం రెండైతది, రెండు నాలుగైతయి. ఎప్పుడు కొయ్యాల్నో చెప్పెటందుకు ఎంజైములుంటయి, దర్జీ దుకాణంల మేస్త్రీ లెక్క. గా మేస్త్రీకి పిచ్చి లేసిందనుకో, ఇగ కొయ్యి కొయ్యి అనుడే! కొన్ని మొండి క్యాన్సర్లల్ల గా ఎంజైములే కణాల నడిమి కుట్లు గూడ ఇప్పుతయట. కుట్లూడిన కణం ఊకుంటదా? రక్తంల వడి ఊపిరితిత్తులకు పోయి ఆడ దుకాణం వెడ్తది."

"అక్కా, చేతులు జర పొడుగు పెట్టు."

"పెడ్త. సంకల గడ్డ గిట్ల ఏమన్న తగుల్తందా?"

చేతుల గురించి అడిగితే చంక దగ్గరికి పోయే దర్జీని ఊళ్లో 'ఎంజైమ్ శాంతి' అన్నారు. అన్నవాళ్లే మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లారు. ఆమె కుట్టిన జాకెట్టు భుజం జారదు మరి. అందం కోసం ఎన్ని ఉపన్యాసాలైనా భరిస్తాం; ఆరోగ్యం కోసమైతే ఒక్కటి కూడా వినేవాళ్లం కాదు.

పోయిన మాఘంలో, పెళ్లిళ్ల గిరాకీ మధ్య, తండా నుంచి మంగ్లీ వచ్చింది. మిర్చి ఏరే కూలీలను చేనులో వదిలి వచ్చిందట.

"మేనకోడలి పెండ్లక్కా. గిదే కొలత, జల్ది కుట్టు," అని ఆది జాకెట్టు బల్ల మీద పడేసింది.

శాంతక్క జాకెట్టును సంచిలో, మనిషిని పరదా వెనక పెట్టింది. బయట కూర్చున్న నాకు ఉపన్యాసం మొదలవడం వినిపించింది. మధ్యలో ఆగిపోవడమూ వినిపించింది. అది ఎన్నడూ ఆగినట్టు నేనెరగను.

"రెండు దిక్కులు ఒక్కతీర్గ లేవేంది మంగ్లీ? పోయినేడు గిట్ల లేదు గద?"

"గడ్డ ఉన్నదక్కా. నొప్పేం లేదు. మిర్చి అయినంక చూపిచ్చుకుంట."

"నొప్పి లేదని ఊకుంటరా? నడువు!"

ఆ పూటే దుకాణానికి తాళం వేసి మంగ్లీని మహబూబాబాద్ దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకుపోయింది. మరిపెడలో పన్నెండు మంది పెళ్లికూతుళ్లు రెడీమేడ్ జాకెట్లతో పీటలెక్కారు. వాళ్ల అమ్మలు పెట్టిన శాపనార్థాలు ఫలించి ఉంటే శాంతక్క తిరిగి వచ్చేదే కాదు.

తిరిగి వచ్చింది. మంగ్లీది తొందరగా పాకే రకమేనట. అయితే ఇంకా ఎక్కడికీ పాకలేదు. మందులెక్కించి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు.

"గింత గిరాకీల దుకాణం మూస్తవా అక్కా?" అన్నాను.

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ, "మా అవ్వ ఐలమ్మకు జాకెట్లు నేనే కుట్టేదాన్ని. ఐదేండ్లు ఆది చూసే కుట్టిన. ఒక్కసారన్న టేపు వెడితే..." అంటూ దారం కొరికి, "చెయ్యి లేపు," అంది.

సణగకుండా చెయ్యి లేపడం నాకదే మొదలు.

ఆపరేషన్ అయ్యాక, దసరా ముందు మంగ్లీ వచ్చింది. నెత్తి మీద వేలెడు కొత్త జుట్టు. ఆమె కోసం శాంతక్క ఒక పక్క లోపల దూది అమర్చి జాకెట్టు కుట్టి ఉంచింది. మంగ్లీ దాన్ని తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదుట నిలబడింది.

"చెప్పు టీచరమ్మా, దూది ఏ దిక్కున్నది?"

నేను పరీక్షగా చూసి, గొప్ప నమ్మకంతో కుడివైపు చూపించాను.

"తప్పూ!" అని ఇద్దరూ నవ్విన నవ్వుకు ఎదుటి హోటల్లోని మగవాళ్లు టీ గ్లాసులతో సహా బయటికొచ్చి, "ఏమైంది టీచరమ్మా?" అన్నారు. నేను పరదా వెనక్కి జారుకున్నాను.