జీపు నీడ కొలతలు

ఆఫీసుకు చేరాక జేబులు చూసుకున్నాను. చొక్కా జేబులో పెన్సిలు, రుమాలు. ప్యాంటు జేబులో మడతపెట్టే అడుగుబద్ద, సైకిలు తాళం. నోటుపుస్తకం లేదు. మళ్లీ వరుసగా చూశాను. పెన్సిలు, రుమాలు, అడుగుబద్ద, తాళం. అరచేతులకు చెమట పట్టి, బల్ల మీది ట్రేసింగు కాగితం అంటుకుంది.

ఆ పుస్తకం అరచెయ్యంత ఉంటుంది. అందులో పదకొండు పేజీలు రాశాను. పదకొండూ ఒక పోలీసు జీపు గురించే.

చిన్నప్పుడు నాకు కార్లు చేసే పిచ్చి ఉండేది. కిరసనాయిలు డబ్బా రేకుతో బాడీ, అరిగిన హవాయి చెప్పుల నుంచి కోసిన టైర్లు, గొడుగు ఊచతో ఇరుసులు. పద్నాలుగో ఏట చివరిది చేశాను. తరువాత పరీక్షలు, విశాఖపట్నంలో పాలిటెక్నిక్, గరివిడిలో ఫ్యాక్టరీ డ్రాయింగు ఆఫీసు ఉద్యోగం. ఎనిమిదేళ్లు రేకు ముట్టుకోలేదు. ఫ్యాక్టరీలో పోతపనికి చెక్క నమూనాలు చేసే వడ్రంగి ఒకరోజు టేకు ముక్కలు పారేస్తుంటే నాలుగు అడిగి తెచ్చుకున్నాను. ఆ వారమే మళ్లీ మొదలైంది.

ఈసారి కంటికి తోచినట్టు కాకుండా, అడుగుకు అంగుళం చొప్పున స్కేలు ప్రకారం చెయ్యాలనుకున్నాను. అందుకు అసలు బండి కొలతలు కావాలి. నేను చీపురుపల్లిలో అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. నాకు తెలిసి ఊళ్లో కార్లు రెండే. డాక్టరుగారిది షెడ్డు దాటి రాదు. రైసుమిల్లు వాళ్లది ఒకచోట నిలవదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట ఆగేది పోలీసు జీపు ఒక్కటే. పైగా జీపుకు అన్నీ చదును పలకలు, కారుకున్న వంపులు ఉండవు.

కొండల వైపు గొడవలు ముదిరి, పోలీసుల మీద దాడులు జరుగుతున్న ఏడాది అది. పొద్దున్న ప్యాసింజరులో వచ్చే పోలీసుల్ని తీసుకెళ్లడానికి ఆ జీపు రైల్వే స్టేషను ఎదుట టీ కొట్టు దగ్గర ఆగేది. దాని మీద టేపు పెట్టే ధైర్యం నాకు లేదు. అది వెళ్లిపోయాక ఇసుకలో మిగిలిన చక్రాల గుర్తుల మధ్య దూరం కొలిచేవాణ్ణి. ఎత్తు మాత్రం నీడను బట్టి కట్టాలి. బెంచీ పక్కన అడుగు పొడవు పుల్ల నిలబెట్టి, దాని నీడనూ జీపు నీడనూ ఒకే నిమిషంలో గుర్తుపెట్టుకుని లెక్క వెయ్యాలి. నీడ నిలకడగా ఉండదు కనుక ప్రతి కొలత పక్కనా టైము రాసుకున్నాను. మబ్బు రోజులు పోగా ఆరు రోజులవి ఒకే పేజీలో ఉన్నాయి.

మంచి పద్ధతి కనిపెట్టానని మురిసిపోయాను. పుస్తకం పోయిన ఆ పూట, ఆ పేజీని వేరే మనిషి చదువుతున్నట్టు ఊహించుకున్నాకే నేనేం రాశానో నాకు తెలిసింది.

7-20 జీపు వచ్చింది. 7-23 ఇద్దరు దిగి స్టేషనులోకి. డ్రైవరు ఒక్కడే, టీ. 7-50 వెళ్లింది. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద.

అంతకు ముందు నెలలోనే, పోలీసులు ఎవరో బడిపంతులును అతని సంచిలో దొరికిన కాగితాల గురించి అడగడానికి తీసుకెళ్లారని బావ వినొచ్చాడు. ఆయన తిరిగొచ్చాడా అని నేను అడిగితే, అలాంటివి అడక్కూడదన్నాడు.

సాయంత్రం దాకా ఒక్క గీత తిన్నగా గియ్యలేదు. ఆ పొద్దున కొలవాల్సింది నీడ ఒక్కటే కావడంతో, అది రాసుకుని జీపు కదలకముందే సైకిలెక్కాను. పుస్తకం బెంచీ మీదే వదిలేసి ఉంటాను. ఆఫీసు వదలగానే టీ కొట్టుకు తొక్కాను.

“నా పుస్తకం ఇక్కడేమైనా మరిచిపోయానా మావా?” అని కొట్టాయన్ని అడిగాను.

“నల్లట్ట బుక్కేనా? బెంచీ మీద ఉన్నాది. డ్రైవరు బాబుకి ఇచ్చేసినాను.”

“ఆయనకెందుకిచ్చావు?”

“నాకు సదువొచ్చేటి? తీసి సూసినాను, జీపు బొమ్మ ఉన్నాది. జీపు బొమ్మున్న బుక్కు జీపోడిది గాక టీ కొట్టోడిదవుతాదా?” గ్లాసులు కడుగుతూ నవ్వాడు. “నీదా అది? రోజూ ఆ ఇసకలో ఎతుకుతుంటే ఉంగరం పారేసుకున్నావనుకున్నాను.”

“తీసుకుని ఆయనేమన్నాడు?”

“ఏటీ అన్లేదు. సదూకుంటా కూకున్నాడు.”

ఇంటికెళ్లి చెప్పాను. బావ లేచి ముందు వీధి తలుపు వేశాడు.

“ఉజ్జోగం సేసుకునేటోడివి, బొమ్మలేటిరా నీకు? పొద్దున్నే ప్యాసింజరెక్కి శ్రీకాకుళం ఎల్లిపో. అక్కణ్ణించి ముఖలింగంలో మా పెద్దమ్మ కాడికెల్లి పదిరోజులుండు.”

“ఆ ప్యాసింజరు కాడికే కదేటి జీపొస్తాది?” అంది అక్క.

నా వైపు తిరిగింది.

“పారిపోతే తప్పు సేసినట్టే. తమ్ముడూ, ఆ బొమ్మ తీసుకెల్లి సూపెట్టు.”

బొమ్మ ఇంకా బొమ్మ కాలేదు. ఉన్నవన్నీ చాప మీద పరిచాను. నాలుగు చక్రాలున్న టేకు చాసిస్, రేకు గొట్టాలు రెండు, రాగితీగ చుట్ట ఒకటి, ముందు దీపాల కోసం టార్చి బ్యాటరీలు రెండు. వాటిని అలా వరుసగా చూస్తే బాంబు సామానులా ఉండి నాకే భయం వేసింది. బావ చాసిస్ ఒక్కటి వదిలేసి, మిగిలినవి పెరట్లో బూడిద గుంటలో పూడ్చాడు.

పొద్దున్న చాసిస్‌కు తువ్వాలు చుట్టబోతే అక్క లాగేసింది. “సుట్టకు. దాసినట్టుంటాది. అందరికీ కనిపించేటట్టు పట్టుకెల్లు.”

మా ఇంటి నుంచి స్టేషనుకు ఆరువందల అడుగులు. ఆ రోజు నాకు అవి తరగలేదు. జీపు నిలిచి ఉంది. ఇద్దరు పోలీసులు దిగి స్టేషనులోకి వెళ్లారు. టైము చూడకుండానే ఏడూ ఇరవైమూడు అనుకున్నాను.

డ్రైవరు నడివయసు మనిషి, మా వైపువాడే. పుస్తకం అతని మోకాలి మీద ఉంది.

“ఇది నీదేనేటి?”

“అవునండి. బొమ్మ జీపు చేస్తున్నానండి. కొలతల కోసం.” చాసిస్ చూపించాను.

అతను దాన్ని తీసుకుని తలకిందులుగా తిప్పాడు. ఒక చక్రాన్ని వేలితో తిప్పి, ఆగేదాకా చూశాడు.

“సక్రానికీ సక్రానికీ మద్దిన డెబ్బైఎనిమిది రాసినావు. ఇసకలో కొలిస్తే అంతే మరి. ఎనభై.” నా పెన్సిలు అడిగి తీసుకుని దిద్దాడు. తరువాత టైములున్న పేజీ తీశాడు. గొంతు తగ్గింది. “మరిదేటి? బొమ్మకి టైములెందుకు?”

“నీడ కోసమండి. ఎత్తు...” పుల్ల గురించి చెప్పబోయాను.

“నాను ఒక్కణ్ణే ఉంటానని కూడా నీడే సెప్పిందేటి?”

వరుసగా జరిగినదంతా రాసుకోవడం నా అలవాటని ఎలా చెప్పను?

“సదూకున్నోడివి. ఇది మా హెడ్డు సదివితే నువ్వీ పాటికి ఎక్కడుందువో ఎరికేటి?”

పేజీ చింపాడు. సరిగ్గా అప్పుడే హెడ్ కానిస్టేబులు, కొత్తగా దిగిన నలుగురితో స్టేషను బయటికొచ్చాడు. డ్రైవరు ఆ కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం, చాసిస్ నా చేతుల్లోకి తోశాడు.

“ఎవడీడు?” అన్నాడు హెడ్డు.

“ఊళ్లో కుర్రోడు సార్. బొమ్మ జీపు సేత్తన్నాడట. స్టెప్నీ ఏ పక్కుంటాదని అడుగుతన్నాడు.”

హెడ్డు నన్ను పైనుంచి కింది దాకా చూసి జీపెక్కాడు. ఆ కాగితం కూడా జీపుతోనే వెళ్లిపోయింది.

దాన్ని అతను పొయ్యిలో వేశాడో, జేబులోనే మరిచాడో, ఎవరికైనా ఇచ్చాడో తెలియదు. మూడు వారాల తరువాత ఆ జీపుకు వేరే డ్రైవరు వచ్చాడు. ఎందుకని అడిగే సాహసం చెయ్యలేదు. ఆఫీసులో గుమాస్తా నా పేరు పిలిస్తే చాలు, గేటు దగ్గర జీపు ఉందేమోనని చూసేవాణ్ణి.

చాసిస్‌ను మళ్లీ కోశాను, ఎనభై అంగుళాల లెక్కన. బాడీ, బంపరు, స్టెప్నీ అన్నీ కుదిరాయి. టాపు ఎత్తు మాత్రం ఆ పేజీలోనే ఉండిపోయింది. మళ్లీ పుల్ల పట్టుకుని ఆ బెంచీ దగ్గరకు నేను వెళ్లలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని కిటికీలో పెడితే బావ చూశాడు. “టాపేదిరా? వానొస్తే మీ పోలీసులు తడిసిపోరా?” అన్నాడు. అక్క నవ్వబోయింది.

అంతలో రోడ్డు మీద ఏదో బండి శబ్దం వినబడింది. బావ చెయ్యి చాచి బొమ్మను కిటికీలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ శబ్దం మా వీధి మొగ దాటి పూర్తిగా వినబడకుండా పోయేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం.